గ్రీకు వైన్ కప్పు కొనేముందు ఒకసారి తిరగేసి అడుగు చూడండి

మీరు పెట్టిన ఆరు ఫొటోలూ చూశానండి, జూమ్ చేసి మరీ చూశాను. నాలుగు లోపలి బొమ్మవి, రెండు బయటి కళ్లవి. అడుగు ఫొటో ఒక్కటీ లేదు. నా జవాబులో సగం ఇదే అనుకోండి.

ప్రశ్న చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో: ఈయన న్యూజెర్సీలో ఉంటారు, జర్మనీలో జరిగే ఒక వేలంలో గ్రీకు కైలిక్స్ (వైన్ తాగే కప్పు) ఒకటి చూశారు. ఆటిక్ బ్లాక్ ఫిగర్ (అంటే ఏథెన్స్ వైపుది, మన్ను రంగు మీద నల్ల బొమ్మలు), క్రీ.పూ. 520 ప్రాంతం అని రాసుంది, అడ్డంగా 21 సెంటీమీటర్లు, బయట రెండేసి పెద్ద కళ్లు, లోపల నాలుక బయటపెట్టిన గోర్గాన్ అనే గ్రీకు రాక్షసి మొహం (మనం కొత్త ఇంటికి కట్టే దిష్టిబొమ్మ టైపు), ఎస్టిమేట్ 3,000 నుంచి 4,000 యూరోలు. ఎక్కడిదీ అంటే "పాత యూరోపియన్ ప్రైవేట్ కలెక్షన్" అని ఒక్క లైను. టీఎల్ టెస్ట్ (మన్ను ఎంత పాతదో చూసే పరీక్ష) సర్టిఫికెట్ ఉందట. అసలుదేనా, కొనొచ్చా, కొన్నాక హైదరాబాద్ ఇంట్లో షోకేసులో పెట్టుకోవచ్చా, ఇవీ మూడు ప్రశ్నలు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే వీడెవడు చెప్పడానికి అనుకుంటారు. నేనుండేది మ్యూనిక్‌లో, పగిలిన కుండలూ పింగాణీ సామానూ అతికించే పని, ఇరవై ఏళ్లు దాటింది. మ్యూజియం ఉద్యోగం కాదు, సొంత వర్క్‌షాప్. కొనను, అమ్మను, కాబట్టి ఈ కప్పు మీరు కొన్నా మానుకున్నా నాకు పైసా రాదు.

కైలిక్స్ ఎలా ఉంటుందంటే, వెడల్పాటి మూకుడికి కింద కాడ పెట్టి, కాడ కింద గుండ్రటి బిళ్ల పెట్టి, అటూ ఇటూ రెండు పిడులు అతికిస్తే అదే కైలిక్స్. ఏథెన్స్‌లో మగవాళ్లు సాయంత్రాలు మంచాల మీద ఎడమ మోచేతిపై ఒరిగి వైన్ తాగుతూ కబుర్లు చెప్పుకునేవాళ్లు, దాని పేరే సింపోజియం, మన ఇంజినీరింగ్ కాలేజీల్లో బ్యానర్ కట్టి చేసే సింపోజియం మాట అక్కడి నుంచి వచ్చిందే (మందు మాత్రం రాలేదు). క్రేటర్ అనే పెద్ద పాత్రలో వైన్‌లో నీళ్లు కలిపి కప్పుల్లో పోసేవాళ్లు, నీళ్లు కలపకుండా తాగేవాడు వాళ్ల లెక్కలో మోటుమనిషి. మీరు చూసిన కళ్ల కప్పుని తాగడానికి మొహం దగ్గరికి ఎత్తారనుకోండి, ఎదురుగా కూర్చున్నవాడికి మీ మొహం కనబడదు, రెండు పెద్ద కళ్లు, చెవుల్లాగా పిడులు, నోరులాగా పాదం, మొత్తం ఒక మాస్క్ కనిపిస్తుంది. తాగేవాడికి వైన్ తగ్గేకొద్దీ అడుగు నుంచి గోర్గాన్ మొహం పైకి తేలుతుంది. చివర్లో మిగిలిన మడ్డిని కూడా వదలరు, పిడిలో వేలు దూర్చి కప్పు గిర్రున తిప్పి ఆ మడ్డిని గురి చూసి విసరడం కొట్టబోస్ అని ఒక ఆట. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే కప్పు మీద బొమ్మలన్నీ చేతిలో పట్టుకుని తాగడానికి వేసినవి, గోడకి తగిలించడానికి కాదు. దొంగ సరుకు చేసేవాడు ఫొటో కోసం చేస్తాడు, అందుకే చేతికీ నోటికీ తగిలే చోట్ల దొరికిపోతాడు.

మా ఊళ్లో కోనిగ్స్‌ప్లాట్జ్ దగ్గర ఆంటికెన్‌జామ్‌లుంగెన్ అని మ్యూజియం ఉంది, ఎక్సీకియస్ అనే ప్రాచీన ఏథెన్స్ కుమ్మరి చేసిన కప్పు అక్కడే ఉంటుంది, వర్క్‌షాప్ నుంచి సైకిల్ మీద పది నిమిషాలు, పని విసుగొచ్చినప్పుడల్లా వెళ్తుంటా. క్రీ.పూ. 540-530 నాటిది, అడ్డంగా 30 సెంటీమీటర్లు పైచిలుకు. లోపలంతా పగడం రంగు, మధ్యలో ఒక్క పడవ, అందులో డయోనిసస్ అనే వైన్ దేవుడు తీరిగ్గా ఒరిగి ఉంటాడు, తెరచాప స్తంభాన్ని అల్లుకుని ద్రాక్షతీగ, ఏడు గుత్తులు, చుట్టూ ఏడు డాల్ఫిన్లు. ఆయన్ని ఎత్తుకుపోదామనుకున్న సముద్రపు దొంగలు భయపడి నీళ్లలో దూకి డాల్ఫిన్లు అయిపోయారని కథ. నీళ్లని చూపించడానికి ఒక్క అల కూడా గీయలేదు, అయినా ఆ పడవ తేలుతూనే ఉంటుంది. పాదం అంచు మీద చేసింది ఎక్సీకియస్ అని సంతకం. ఇలాంటిది చూశాక మనకీ ఒకటి ఉంటే బాగుండు అనిపించడం సహజం, మీరు కూడా న్యూయార్క్ మెట్ మ్యూజియంలో చూసొచ్చాకే వెతకడం మొదలెట్టానన్నారు. కాకపోతే ఆ కళ్లతోనే వేలం పేజీ చూస్తాం, అక్కడే బోల్తా పడతాం.

ఇంక అసలు విషయం. గ్రీకు కప్పు మీద ఆ నలుపు పెయింట్ కాదు, మన అర్థంలో గ్లేజ్ కూడా కాదు. కప్పు ఏ బంకమన్నుతో చేశారో అదే మన్నుని నీళ్లలో కలిపి, బరువైనదంతా కిందకి దిగనిచ్చి, పైన తేలే అతి సన్నటి పాలలాంటి తేట తీసి చిక్కబరిచి దాంతో బొమ్మ వేశారు. కాల్చకముందు రెండూ దాదాపు ఒకే రంగు, గీసేవాడికి తను గీసేది సరిగ్గా కనబడను కూడా కనబడదు. తర్వాత ఒకే కాల్పు, కానీ మూడు దశలు. మొదట గాలి బాగా తగిలేలా కాలుస్తారు, అంతా ఎర్రబడుతుంది. 900 డిగ్రీల పైన వేడి ఉన్నప్పుడు గాలి దారులు మూసి పచ్చి కట్టెలు పడేస్తారు, పొగలో కప్పంతా నల్లబడుతుంది. చల్లారేటప్పుడు మళ్లీ గాలి వదులుతారు, మామూలు మన్ను గాలి పీల్చుకుని తిరిగి ఎర్రగా అవుతుంది, బొమ్మ వేసిన సన్నమన్ను మాత్రం ఆ వేడికి గాజులా కరిగి మూసుకుపోయి ఉంటుంది కాబట్టి గాలి లోపలికి పోదు, నల్లగానే మిగిలిపోతుంది. మన్నులో ఉన్న ఇనుము చేసే పని ఇదంతా. మన తెలంగాణలో రాకాసి గుళ్లని పిలిచే బృహత్‌శిలా సమాధుల్లో పైన నలుపు కింద ఎరుపు ఉండే కుండలు దొరుకుతాయి చూడండి, పద్ధతి వేరు గానీ అక్కడా ఇనుమూ గాలీ ఆడే ఆటే, మన కుమ్మరి ఆవం దగ్గర పెరిగినవాడికి ఇది చెప్పక్కర్లేదు. గ్రీకు పద్ధతి మాత్రం మర్చిపోయారు, 1942లో థియోడోర్ షూమాన్ అనే జర్మన్ కెమిస్ట్ మళ్లీ పట్టుకున్నాడు.

అంటే ఏంటంటే, 1942 తర్వాత చేసే నకిలీల్లో నిజంగా అదే పద్ధతిలో కాల్చినవి కూడా ఉండొచ్చు, అవి కష్టం. కానీ అది శ్రమ, ఖర్చు, పదింట్లో సగం ఆవంలోనే పాడవుతాయి, మూడు నాలుగు వేల యూరోల సరుక్కి ఎవడూ అంత పడడు. ఈ రేటులో మీకు తగిలేవి ఎక్కువగా రెండు రకాలు, ఒకటి రంగు పూసిన టూరిస్ట్ కాపీ, రెండు సగం అసలు సగం అతుకు.

మొదటిదానితో నేనే దెబ్బతిన్నా. పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక సంతలో చిన్న స్కైఫోస్ (కాడ లేకుండా లోతుగా ఉండే తాగే కప్పు) కొన్నా, గుడ్లగూబ బొమ్మ, అటూ ఇటూ ఆలివ్ కొమ్మలు, అమ్మినాయన తాతగారి అటకమీదిది అన్నాడు. ఇంటికొచ్చి వారం రోజులు బల్లమీద పెట్టుకుని మురిసిపోయా. ఒకరోజు తుడుస్తూ తిరగేశా. పాదం కింద మధ్యలో పావలా కాసంత మేర మిగతా చోటుకంటే కొంచెం నునుపుగా, కొంచెం లేతగా ఉంది. టార్చ్ పక్కనుంచి వేస్తే ఇసుక కాగితంతో రుద్దిన గీతలు, ఆ గీతల కింద అరిగిపోయిన అక్షరాల నీడ. ఏథెన్స్‌లో షాపులవాళ్లు నిజాయితీగానే అడుగున చేత్తో చేసిన కాపీ అని రాస్తారు, దాన్ని ఎవడో అరగదీశాడు. అసిటోన్ చుక్క దూదికి అద్ది రుద్దితే గుడ్లగూబ కన్ను దూదికి వచ్చేసింది. ఆ కప్పు ఇప్పటికీ ఉంది, బ్రష్షులు పెట్టుకుంటున్నా.

కాబట్టి అడుగు. అసలు కప్పుల్లో పాదం అడుగున చాలాసార్లు పూత ఉండదు, మన్ను రంగు నేరుగా కనబడుతుంది, ఏథెన్స్ మన్ను కాలితే నారింజ కలిసిన ఎరుపు. ఆనే అంచు మాత్రం అరిగి ఉండాలి, ఆ అరుగుదల కూడా ఎగుడుదిగుడుగా ఉండాలి, చుట్టూ సమానంగా అరిగిందంటే ఎవడో కూర్చుని అరగదీశాడని అర్థం. సారె మీద తిరిగిన గీతలు కనబడాలి. కొన్నిటికి వర్తకులు గీకిన గుర్తులు ఉంటాయి, రెండు మూడు అక్షరాలు, ధర లెక్కలు. మామూలు నల్ల కప్పుల్లో అయితే పాదం దగ్గర పూతలో వేళ్లు పట్టిన ఖాళీలు దొరుకుతాయి, కుమ్మరి పాదం పట్టుకుని పూతలో ముంచి తీసినప్పటివి. రెండువేల నాలుగొందల ఏళ్ల కిందటి బొటనవేలి జాడలో నా బొటనవేలు పెట్టి చూశాను ఒకసారి, సరిపోలేదు, వాడిది చిన్నది.

తర్వాత గీతలు. మీది బ్లాక్ ఫిగర్ కాబట్టి కళ్ల చుట్టూ, గోర్గాన్ జుట్టులో సన్నటి గీతలు ఉంటాయి, అవి సూదిమొనతో పూతని గీకి కింది మన్ను బయటపడేలా చేసినవి. అసలుదాంట్లో అది కాల్చకముందు పచ్చి తోలులా ఉన్నప్పుడు గీస్తారు, గీత అంచులు మెత్తగా, ఒక్క ఊపులో వెళ్లినట్టు ఉంటాయి. కాల్చాక గీస్తే పూత పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది, భూతద్దంలో గీత పక్కన రంపం పళ్లలాగా కనబడుతుంది. అదే రెడ్ ఫిగర్ అయితే (క్రీ.పూ. 520లకి కాస్త ముందు మొదలైంది, నేపథ్యం నలుపు, మనుషులు మన్ను రంగు) గీత గోటికి తగలాలి, దారంలా ఉబ్బెత్తుగా. మీ ఫొటో మూడులో గోర్గాన్ పళ్ల తెలుపు చూశారా, సున్నం కొట్టినట్టు తళతళలాడుతోంది. ఆ తెలుపూ ఊదా ఎరుపూ నల్లపూత మీద అదనంగా వేసేవి, గట్టిగా పట్టుకోవు, సాధారణంగా ఊడిపోయి మసక జాడే మిగులుతుంది. అంత శుభ్రంగా మిగిలిందంటే అబద్ధమని కాదు గానీ ఎవరో మళ్లీ దిద్దారేమో అని అనుమానం.

దిద్దడం నేరం కాదండి, నా బువ్వే అది. దాచడం తప్పు. 19వ శతాబ్దంలో ఇటలీలో ముక్కలు అతికించి, ఖాళీలు పూడ్చి, అతుకు కనబడకుండా రంగేసి నిండు కప్పుగా అమ్మడం మామూలు విషయం. ఇంకా తరచుగా కనబడేది వేరే కప్పు పాదం తెచ్చి అతికించడం. కైలిక్స్‌లో గిన్నె వేరుగా పాదం వేరుగా సారె మీద చేసి తర్వాత కలుపుతారు, కాబట్టి బలహీనమైన చోటు ఆ కాడే, అక్కడే విరుగుతుంది, విరిగాక పెట్టెలో దొరికిన ఇంకో పాదం తగిలించేస్తారు. పైన పటారం లోన లొటారం. ఒకసారి ఒకాయన తెచ్చిన కప్పు నేను విప్పితే నాలుగు వేర్వేరు కప్పుల ముక్కలు బయటికొచ్చాయి, ఆయన మొహం చూడలేకపోయా. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే కొత్త రంగులూ జిగుర్లూ వేరే రంగులో మెరుస్తాయి, లక్క అయితే నారింజ, ఎపాక్సీలు తరచు నీలం కలిసిన తెలుపు. అసలు పూత ఏమీ మెరవదు. యూవీ ఫొటో ఇమ్మంటే మంచి వేలంవాళ్లు ఇస్తారు. మీరు మాత్రం మనది కాని వస్తువు మీద అసిటోన్ ప్రయోగాలు చేయకండి, నాది నా సొంత కప్పు కాబట్టి చేశా.

పాత మరమ్మత్తు ఇంకో సంగతి. అతుకుకి అటూ ఇటూ చిన్న రంధ్రాలు, వాటిలో సీసం కానీ కంచు కానీ కట్లు ఉంటే అది పురాతన కాలంలోనే విరిగితే కట్టుకున్నది. చాలామంది దాన్ని లోపం అనుకుని ధర తగ్గించమంటారు, నేనైతే అలాంటిది దొరికితే ఎక్కువిస్తా. విరిగినా పారెయ్యలేదు అంటే ఎవరికో అది అంత ఇష్టమన్నమాట.

టీఎల్ సర్టిఫికెట్ గురించి. థర్మోల్యూమినిసెన్స్ అంటే మన్నుని చివరిసారి ఎప్పుడు కాల్చారో చెప్పే టెస్ట్, చిన్న రంధ్రం చేసి పొడి తీస్తారు. అది చెప్పేది ఆ పొడి తీసిన ముక్క గురించి మాత్రమే. పాదంలో తీశారనుకోండి, పాదం పాతది అని వస్తుంది, గిన్నె సంగతి దానికి తెలీదు. పైగా పొరపాటుకి అవకాశం వందల ఏళ్లలో ఉంటుంది, క్రీ.పూ. 520దా 320దా అన్నది అది తేల్చలేదు, ప్రాచీనమా నిన్నటిదా అని చెప్తుంది, అంతే. పాత మామూలు కప్పు మీద కొత్తగా బొమ్మ వేస్తే కూడా పాస్ అవుతుంది. కాబట్టి ఎక్కడెక్కడ పొడి తీశారో సర్టిఫికెట్‌లో ఫొటో ఉందేమో చూడండి, ఒక్కచోటే అయితే దాన్ని సగం కాగితం కిందే లెక్కేయండి.

సరే, అసలుదే అనుకుందాం. అప్పుడే పెద్ద తలనొప్పి మొదలవుతుంది, చాలామందికి ఇది రివర్స్‌లో అర్థమవుతుంది, అసలుదైతే హమ్మయ్య అనుకుంటారు. ఏథెన్స్ ఇళ్లల్లో వాడిన కప్పులు విరిగి చెత్తలో పెంకులయ్యాయి. నిండుగా మిగిలినవి ఎక్కువ భాగం ఇటలీకి ఎగుమతై ఎట్రస్కన్లనే జనం సమాధుల్లో పెట్టుకున్నవి, ఎక్సీకియస్ కప్పు కూడా వుల్చి అనే చోట దొరికిందే. అంటే నిండు కప్పు మీ ముందుకొచ్చిందంటే ఎక్కడో ఒక సమాధి తవ్వారు. ఎవరు, ఎప్పుడు? 1828 నుంచి వుల్చిలో నెపోలియన్ తమ్ముడు లూసియెన్ బోనపార్ట్ తన భూమిలో తవ్వించి వేలల్లో తీశాడు, ఆ సరుకు యూరప్ అంతా చట్టబద్ధంగా తిరుగుతోంది, దాని కాగితాలు దొరుకుతాయి. 1980ల్లో రాత్రిపూట గునపంతో తవ్వింది కూడా అదే వేలం పేజీలో అదే "పాత ప్రైవేట్ కలెక్షన్" లైనుతో వస్తుంది. 1995లో జెనీవాలో జాకొమో మెడిచి అనే డీలర్ గోడౌన్ మీద పోలీసులు పడితే వేల పోలరాయిడ్ ఫొటోలు దొరికాయి, మట్టి కూడా కడగని కప్పులు, ముక్కలు. మెట్ మ్యూజియం 1972లో పది లక్షల డాలర్లు పెట్టి కొన్న యూఫ్రోనియోస్ బొమ్మ వేసిన క్రేటర్ 2008లో ఇటలీకి వెనక్కి వెళ్లిపోయింది, గెటీ మ్యూజియం ఒనెసిమోస్ వేసిన పెద్ద కైలిక్స్‌ని 1999లోనే ఇచ్చేసింది. 2021లో న్యూయార్క్‌లో మైఖేల్ స్టైన్‌హార్ట్ అనే కోటీశ్వరుడు 180 వస్తువులు అప్పగించి ఇక జన్మలో ప్రాచీన వస్తువులు కొననని ఒప్పుకున్నాడు. వాళ్లకి లాయర్లున్నారు, మీకూ నాకూ లేరు.

అందుకని "పాత యూరోపియన్ ప్రైవేట్ కలెక్షన్" అన్న లైనుకి విలువ సున్నా. కావాల్సింది పేరు, తేదీ, రసీదు, పాత వేలం కేటలాగ్‌లో లాట్ నంబర్, లేదా 1970కి ముందు తీసిన ఫొటో. 1970 ఎందుకంటే అది ప్రాచీన వస్తువుల దొంగ రవాణా ఆపడానికి చేసుకున్న యునెస్కో ఒప్పందం సంవత్సరం, ప్రపంచమంతా మ్యూజియాలు పట్టుకున్న గీత అది. దొంగ వస్తువుల రిజిస్టర్‌లో లేదని ఇచ్చే సర్టిఫికెట్ చూసి కూడా మోసపోకండి, సమాధిలోంచి నేరుగా వచ్చినదాన్ని పోయిందని ఎవరు కంప్లైంట్ ఇస్తారు, చనిపోయినాయనా? ఆక్స్‌ఫర్డ్ బీజ్లీ ఆర్కైవ్ అనే గ్రీకు పాత్రల డేటాబేస్ ఫ్రీగా వెతకొచ్చు, లక్షకి పైగా పాత్రలున్నాయి, మీ కప్పు అందులో ఉండి పాత కలెక్షన్ పేరు కనబడితే అది బంగారం. లేకపోయినంత మాత్రాన దొంగది కాదు, చిన్నచిన్న కప్పులు ఎక్కని వాటిలో చాలా ఉంటాయి.

మీరు అమెరికాలో ఉన్నారు కాబట్టి ఇది కూడా వినండి. జర్మనీ నుంచి బయటికి పంపాలంటే తవ్వకంలో దొరికిన, వందేళ్లు దాటిన వస్తువుకి ఎక్స్‌పోర్ట్ లైసెన్స్ కావాలి, అది ఎవరు తీస్తారో వేలంవాళ్లని ముందే అడగండి. అవతలి వైపు, ఇటలీతో 2001 నుంచీ గ్రీస్‌తో 2011 నుంచీ అమెరికాకి దిగుమతి ఆంక్షల ఒప్పందాలున్నాయి, ఆటిక్ పాత్రలు ఆ లిస్టులో ఉన్నాయి, ఆంక్షలు రాకముందే వస్తువు ఆ దేశం బయట ఉందని కస్టమ్స్‌కి చూపించాల్సి వస్తుంది. అక్కడ కూడా మళ్లీ అదే కాగితం.

హైదరాబాద్ షోకేసు ప్లాన్ మాత్రం నా మాట విని మానుకోండి. మన 1972 పురావస్తువుల చట్టంలో వందేళ్లు దాటిన కళావస్తువు పురావస్తువే, అది ఇండియాలో తయారైందే అయ్యుండాలని ఆ నిర్వచనంలో లేదు, పురావస్తువుని ప్రైవేటు మనిషి దేశం బయటికి పంపకూడదు. అంటే ఇప్పుడు తీసుకెళ్తే రేపు మీ పిల్లలు అమెరికాలో అడిగినా వెనక్కి రావడం మహా కష్టం. తీసుకెళ్లే తీరాలి అనుకుంటే ముందు ఇండియాలో ఒక లాయర్‌తో, కస్టమ్స్‌తో మాట్లాడండి, సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి పట్టుకెళ్లే ఆలోచన ఉంటే వెంటనే మర్చిపోండి, చట్టం సంగతి అటుంచి ఆ కాడ విరగకుండా శంషాబాద్‌లో దిగదు.

నేనైతే అదే డబ్బుతో ఏం చేస్తానంటే, బొమ్మ లేని నల్ల కప్పు ఒకటి చూస్తా, ఆటిక్ కానీ దక్షిణ ఇటలీది కానీ, పాత కలెక్షన్ కాగితంతో. అందరూ బొమ్మల వెంట పడతారు కాబట్టి ఇవి చాలా తక్కువకి వస్తాయి, నకిలీలు కూడా తక్కువ, ఎందుకంటే శ్రమకి తగ్గ లాభం లేదు. కొన్నిటి లోపల మధ్యలో ఎర్రటి వలయం ఉంటుంది, ఆవంలో ఒకదానిలో ఒకటి పేర్చినప్పుడు పైదాని పాదం ఆనిన జాడ అది. కాల్చినవాడు అది తప్పనే అనుకుని ఉంటాడు, నాకు మాత్రం గోర్గాన్ మొహం కంటే అదే ఎక్కువ నచ్చుతుంది.

ఇప్పటికి మీరు చేయాల్సింది వేలంవాళ్లకి ఒక మెయిల్. పాదం అడుగు ఫొటో, కాడ గిన్నెకి కలిసే చోటు ఫొటో (టార్చ్ పక్కనుంచి వేసి తీయమనండి, ఎదురుగా ఫ్లాష్ కొడితే ఏమీ కనబడదు), యూవీ ఫొటో, టీఎల్ రిపోర్ట్ పూర్తి కాపీ, కలెక్షన్ యజమాని పేరు, ఏ సంవత్సరం కొన్నారు. ఇచ్చారా, ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం. వేలం శనివారం అన్నారు కాబట్టి ఈ రాత్రికే పంపండి, జర్మన్లు మధ్యాహ్నం నాలుగు దాటితే ఫోన్ ఎత్తరు.